ఖరగ్‌పూర్ నుంచి జెనీవాకు, రాష్ట్రపతి భవన్‌కు: వి.వి. గిరి కార్మిక రాజకీయ ప్రస్థానం

ఒక కర్మాగారంలో నాలుగు కార్మిక సంఘాలు ఉంటే యాజమాన్యం ఎవరితో మాట్లాడాలి? 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పింది. హాజరు పట్టీలోని కార్మికుల్లో 51 శాతం, అంతకు మించి మద్దతు ఉన్న సంఘమే చర్చల సంఘం. అంత బలం ఏ సంఘానికీ లేకపోతే, కనీసం 20 శాతం బలం ఉన్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. దీనితో పాటు సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి అయింది. మొదటి నిబంధన సంఘాలకు బలమిస్తుందని ప్రభుత్వం అంటోంది. రెండో నిబంధన సమ్మె హక్కునే నీరుగారుస్తుందని పలు కేంద్ర కార్మిక సంఘాలు వాదిస్తున్నాయి.

ఈ వాదం కొత్తది కాదు. డెబ్బై ఏళ్ళ క్రితం కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా ఉన్న వరాహగిరి వెంకటగిరి దీని మీదే తన పదవిని పణంగా పెట్టారు. దేశానికి నాలుగో రాష్ట్రపతిగా, స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి ఆ పదవిని చేపట్టిన ఏకైక వ్యక్తిగా ఆయనను పాఠ్యపుస్తకాలు గుర్తుచేస్తాయి. అయితే ఆయన రాజకీయానికి పునాది పడిన చోటు ఢిల్లీ కాదు, మద్రాసు కాదు. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్.

కంపెనీ పట్టణంలో తెలుగు గొంతు

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే చాలామందికి ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం గుర్తుకొస్తుంది. లేదా ఐ.ఐ.టి. గుర్తుకొస్తుంది. కాని ఆ ఊరిని ఊరుగా చేసింది రైల్వే వర్క్‌షాపు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, నాగ్‌పూర్ వైపు వెళ్ళే మార్గమూ మద్రాసు వైపు వెళ్ళే మార్గమూ విడిపోయే ఆ కూడలిలో, 20వ శతాబ్ది తొలి ఏళ్ళకల్లా భారీ మరమ్మతు కర్మాగారాన్ని నిలబెట్టింది. ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు అన్నీ అక్కడికే వచ్చేవి. అధికారులకు విశాలమైన బంగళాలు, కూలీలకు ఇరుకు క్వార్టర్లు. ఎవరు ఏ వీధిలో ఉండాలో కూడా కంపెనీయే నిర్ణయించేది.

ఆ పట్టణంలో తెలుగువారు అంత పెద్ద సంఖ్యలో ఎందుకు స్థిరపడ్డారన్నది తెలియాలంటే రైలు పటం చూడాలి. 1890లలో నిర్మించిన తూర్పు తీర రైలు మార్గంలో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలూ, గంజాం జిల్లా పల్లెలూ ఒకే కంపెనీ పట్టాల మీద ఖరగ్‌పూర్‌తో ముడిపడ్డాయి. కరవు వచ్చినా, అప్పు పెరిగినా, భూమి చాలకపోయినా పనికోసం ఎక్కవలసిన రైలు ఇంటి ముందే ఉంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వెళ్ళినవారు అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. మూడు నాలుగు తరాల తర్వాత కూడా ఖరగ్‌పూర్ బజారులో తెలుగు వినిపించడానికి కారణం ఇదే.

గిరి పుట్టిన బరంపురం కూడా ఆ మార్గంలోని స్టేషనే. 1894 ఆగస్టు 10న ఆయన జన్మించే నాటికి అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. ఒడియా, తెలుగు భాషలు కలిసే ఊళ్ళో పెరిగిన తెలుగు కుటుంబపు వ్యక్తికి, తెలుగు, ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే కార్మికులు కలిసి పనిచేసే వర్క్‌షాపు పరాయి చోటుగా తోచి ఉండదు.

డబ్లిన్‌లో న్యాయశాస్త్రం, వీధుల్లో రాజకీయం

గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్‌కు గాక ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు వెళ్ళారు. ఆ ఎంపిక ఆయన జీవితాన్నే మార్చింది. ఆ ఏడాది ఆగస్టులో డబ్లిన్ యజమానులు, సంఘంలో చేరిన కార్మికులను పనిలోకి రానివ్వకుండా తలుపులు మూశారు. నెలల తరబడి సాగిన ఆ లాకౌట్‌కు ఎదురు నిలిచిన నాయకుల్లో జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ ముఖ్యులు. సంఘం పెట్టుకునే హక్కు కోసమే ఒక నగరం ఆకలితో పోరాడడాన్ని ఇరవై ఏళ్ళు నిండని భారతీయ విద్యార్థి చూశారు.

యూనివర్సిటీ కాలేజీలో అధ్యాపకుడైన థామస్ మెక్‌డొనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. తిరుగుబాటు విఫలమయ్యాక మే నెలలో మెక్‌డొనాను, కానలీని బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఐర్లండ్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో జూలై 1 లోగా దేశం విడిచి వెళ్ళాలని గిరికి ఉత్తరువు అందింది. అప్పటికి ఆయన బారిస్టరు పట్టా పుచ్చుకుని కొద్ది రోజులే అయింది.

తిరిగివచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ ఉద్యమం మొదలు కాగానే దాన్ని వదులుకున్నారు. 1922లో మద్యం దుకాణాల ముందు నిరసనలో అరెస్టయ్యారు. ఆ తర్వాతి దశ రైల్వే కార్మికులది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘ నిర్మాణంలో ముందు వరుసలో నిలిచారు. దేశంలోని రైల్వే సంఘాలన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య వ్యవస్థాపకుల్లో ఒకరై, పదేళ్ళకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యే నాటికి ఆయన వయసు ముప్పై రెండేళ్ళలోపే.

రెండు సమ్మెల నడుమ జెనీవా

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు పెరిగాయి, ఖజానా చిక్కిపోయింది. 1923లో ఇంచ్‌కేప్ కమిటీ ప్రభుత్వ వ్యయంతో పాటు రైల్వే వ్యయాన్నీ తగ్గించాలని సిఫారసు చేసింది. ఖర్చు తగ్గించడమంటే వర్క్‌షాపుల్లో మనుషులను తగ్గించడమే అయింది. ఖరగ్‌పూర్‌లో 1927 ఫిబ్రవరిలో సమ్మె మొదలైంది. జీతాలు, నివాసాలు, అధికారుల ప్రవర్తన వంటి పాత ఫిర్యాదులు అందులో ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఉద్యోగాల తొలగింపుపై మరింత పెద్ద ఘర్షణ తలెత్తింది. నెలల తరబడి వర్క్‌షాపు స్తంభించింది.

ఉద్యోగం పోయినవారి కోసం ఉద్యోగం ఉన్నవారు జీతం వదులుకోవడం ఆ పోరాటంలోని ప్రత్యేకత. కంపెనీ పట్టణంలో సమ్మె చేయడమంటే జీతంతో పాటు ఇల్లు కూడా ప్రమాదంలో పడడమే, ఎందుకంటే క్వార్టరు కంపెనీది. గిరి పట్టుబట్టింది ఒక్క విషయం మీద: పోరాటం హింసలోకి దిగకూడదు, చర్చల తలుపు మూయకూడదు. చివరికి కంపెనీ, దాని వెనుక ఉన్న ప్రభుత్వం కొన్ని రాయితీలకు దిగిరాక తప్పలేదు. కార్మికోద్యమ చరిత్రకారులు ఖరగ్‌పూర్ సమ్మెకు ప్రత్యేక స్థానం ఇస్తారు.

ఈ రెండు ఘట్టాల నడుమే, 1927 మే, జూన్ నెలల్లో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభ జరిగింది. భారత కార్మికుల ప్రతినిధిగా గిరి హాజరయ్యారు. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఒక విశిష్టత ఉంది. అక్కడ ప్రతి దేశం తరఫునా ప్రభుత్వ ప్రతినిధులతో పాటు యజమానుల ప్రతినిధి, కార్మికుల ప్రతినిధి విడివిడిగా కూర్చుంటారు, విడివిడిగా ఓటు వేస్తారు. స్వరాజ్యం లేని భారతదేశానికి కూడా స్థాపక సభ్యత్వం దక్కింది. అంటే వలస ప్రభుత్వ ప్రతినిధి ఉన్న సభలోనే, ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టగల భారతీయ కార్మిక ప్రతినిధికీ ఓటు ఉండేది. ఆ రోజుల్లో ఢిల్లీలో దొరకని అవకాశం అది.

ఆ మహాసభ ముందున్న అంశాల్లో సంఘ స్వేచ్ఛ ఒకటి. దానిపై ఏకాభిప్రాయం కుదరక అంశం పక్కకు పోయింది. సంఘ స్వేచ్ఛపై 87వ నంబరు ఒడంబడిక రావడానికి 1948 దాకా, సమష్టి బేరసారాలపై 98వ నంబరు ఒడంబడికకు 1949 దాకా ఆగవలసి వచ్చింది. ఈ రెంటినీ భారతదేశం నేటికీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వోద్యోగుల సంఘ, సమ్మె హక్కులపై ఉన్న పరిమితులతో అవి పొసగవన్నది ప్రభుత్వాలు చెబుతూ వస్తున్న కారణం.

జెనీవాకు వెళ్ళాలా, వద్దా?

జెనీవా ప్రయాణాలే రెండేళ్ళకు చీలికకు ఒక కారణమయ్యాయి. 1929లో నాగ్‌పూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జరిగిన ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ సభలో వామపక్ష వర్గానిది పైచేయి అయింది. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విట్లీ కార్మిక కమిషన్‌ను బహిష్కరించాలని, జెనీవా సంస్థతో తెగతెంపులు చేసుకోవాలని తీర్మానాలు వచ్చాయి. ఎన్.ఎం. జోషి, గిరి, మరికొందరు బయటికి వచ్చి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్‌ను ఏర్పాటు చేశారు.

వామపక్షం వాదనను తేలిగ్గా కొట్టివేయలేం. విదేశీ పాలకుడు పిలిచిన బల్ల దగ్గర కూర్చుంటే ఆ పాలనను ఒప్పుకున్నట్టే కదా అన్నది వారి ప్రశ్న. గిరి వర్గం దృష్టి వేరు. ఖరగ్‌పూర్‌లో పని పోయిన ఫిట్టరుకు స్వరాజ్యం వచ్చేదాకా ఆగే వెసులుబాటు లేదు. అతని మాట వినే చోటు ఎక్కడున్నా వెళ్ళాలి. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా గిరి కార్మిక ప్రతినిధిగా వెళ్ళారు. చీలిన సంఘాలు దాదాపు పదేళ్ళ తర్వాత గానీ కలవలేదు. 1942లో గిరి మళ్ళీ ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు.

ఈలోగా ఎన్నికల రాజకీయం వచ్చింది. 1934 నుంచి కేంద్ర శాసనసభలో కార్మికుల గొంతుగా ఉన్న గిరి, 1937 మద్రాసు ఎన్నికల్లో బొబ్బిలి స్థానంలో బొబ్బిలి రాజానే ఓడించారు. అప్పటిదాకా రాజా జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రధాని. ఓడింది ఆయన సొంత గడ్డ మీద. రాజాజీ మంత్రివర్గంలో గిరికి కార్మిక, పరిశ్రమల శాఖ దక్కింది. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ కార్మిక శాఖ ఆయనదే.

'గిరి విధానం' అంటే ఏమిటి?

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక గిరి ముందు ఉన్న చట్టం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. వివాదం వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు ఇరువర్గాలకూ శిరోధార్యం. విచారణ సాగినంత కాలం సమ్మె చెల్లదు. దీన్నే నిర్బంధ న్యాయనిర్ణయం అంటారు.

ఈ పద్ధతి కార్మికులకు మేలే చేస్తుందని చాలామంది కార్మిక నేతలు కూడా నమ్మారు. బలహీనమైన సంఘం బలమైన యజమానితో ఎలా బేరమాడగలదు, ప్రభుత్వం అండగా ఉండాలి కదా అన్నది వారి వాదన. గిరి దీనికి పూర్తిగా ఎదురు తిరిగారు. ప్రభుత్వమే ఎప్పుడూ తగవు తీరుస్తుందని తెలిస్తే సంఘం బలం కూడగట్టుకోదు, యజమాని మనసు విప్పి మాట్లాడడు. ఇద్దరూ వకీళ్ళను వెతుక్కుంటారు. 1952 అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఆయన ఈ వాదం వినిపించారు. నిర్బంధ న్యాయనిర్ణయాన్ని, అసంతృప్తి జాడ కనిపించగానే అందరినీ కోర్టుకు ఈడ్చుకుపోయే పోలీసుతో ఆయన పోల్చారు. బలమైన ఒక్క సంఘం, గుర్తింపు, ముఖాముఖి చర్చ, అవి విఫలమైతే ఇరువర్గాలూ ఇష్టపడి ఎంచుకున్న మధ్యవర్తి: ఇదీ 'గిరి విధానం'గా పేరు తెచ్చుకున్న ఆలోచన.

మంత్రులు తమ శాఖ అధికారాలను పెంచుకోవాలని చూడడం పరిపాటి. తన శాఖ జోక్యాన్ని తగ్గించాలని కోరిన మంత్రి అరుదు. యజమానులు ఒప్పుకోలేదు, సంఘాలు ఏకమవలేదు, మంత్రివర్గ సహచరులూ కలిసి రాలేదు. విధానం కాగితం మీదే నిలిచిపోయింది.

ఆఖరి దెబ్బ బ్యాంకు ఉద్యోగుల విషయంలో తగిలింది. లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ వారి జీతభత్యాలపై 1954లో ఇచ్చిన నిర్ణయాన్ని కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్. గిరి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్ళనే వ్యతిరేకించిన మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదలడం పైకి వింతగా కనిపిస్తుంది. అందులో వైరుధ్యం లేదు. సమ్మె హక్కును ఆపి కార్మికుణ్ణి కోర్టుకు పంపిన ప్రభుత్వమే ఆ కోర్టు మాటను దిద్దితే, ఇక కార్మికుడికి మిగిలే దారి ఏది? తర్వాత ప్రభుత్వం నియమించిన బ్యాంకు అవార్డు కమిషన్ 1955లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగులు పోగొట్టుకున్న దానిలో చాలా భాగం తిరిగి దక్కింది.

అంతస్తు పెరిగింది, గొంతు తగ్గింది

1957 ఎన్నికల్లో పార్వతీపురంలో ఓడిపోయాక గిరి జీవితం రాజ్‌భవన్ల వైపు మళ్ళింది. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడే ఎన్నికలో పోటీకై పదవి వదులుకున్నారు. బ్యాంకు ఉద్యోగుల కోసం పదిహేనేళ్ళ క్రితం రాజీనామా చేసిన చేయే ఆ సంతకం చేసింది. ఆ ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. మూడో అభ్యర్థి అదే సి.డి. దేశ్‌ముఖ్. అంతరాత్మ ప్రకారం ఓటు వేయాలన్న ఇందిరాగాంధీ పిలుపుతో కాంగ్రెస్ ఓట్లు చీలాయి. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఎన్నిక చెల్లదంటూ దాఖలైన పిటిషన్‌పై విచారణలో గిరి స్వయంగా సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం ఇచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా హాజరు కావడం అదే మొదలు.

ఆయన పదవీకాలం చివరి వేసవిలో ఖరగ్‌పూర్ నాటి ప్రశ్న మళ్ళీ తలుపు తట్టింది. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. దానికి నాయకుడు జార్జి ఫెర్నాండెజ్, గిరి ఒకప్పుడు కట్టిన అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్యకే అప్పటి అధ్యక్షుడు. సమ్మె ఆరంభానికి ముందే, చర్చలు ముగియకుండానే, ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. మీసా, భారత రక్షణ నిబంధనల కింద వేలాది మందిని జైళ్ళలో పెట్టారు. అనేకులను ఉద్యోగాల నుంచి తీసేశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఇరవై రోజులకు సమ్మె విరమించారు.

రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గ సలహా మేరకే నడవాలి. గిరి సమ్మెను ఆపలేరు, అణచివేతనూ ఆపలేరు. అయినా ఆయన పదవీకాలాన్ని అంచనా వేసినవారు, ప్రభుత్వం పంపిన కాగితాలపై ఆయన ప్రశ్నించకుండా సంతకం చేశారని విమర్శించారు. ఆ విమర్శకు మిగతా సందర్భాల్లో జవాబు చెప్పవచ్చునేమో గాని, రైల్వే సమ్మె విషయంలో కష్టం. 1954లో ఆయనకు రాజీనామా అనే ఆయుధం ఉంది, 1974లోనూ ఉంది. మొదటిసారి దాన్ని వాడారు.

ఆగస్టు 24న పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఇప్పుడు ఆయన పేరు మీదే నడుస్తోంది.

సగం మాత్రమే నెరవేరిన కోరిక

గిరి కోరింది రెండు పనులు: సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు, ప్రభుత్వ జోక్యం నుంచి విముక్తి. మొదటిది ఎంత ఆలస్యమైందో చూడాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాలను నమోదు చేసుకోనిచ్చింది తప్ప, వాటితో మాట్లాడాలని యజమానికి చెప్పలేదు. గుర్తింపును తప్పనిసరి చేస్తూ 1947లో సవరణ ఆమోదం పొందినా దాన్ని ఎన్నడూ అమలులోకి తీసుకురాలేదు. కేంద్ర చట్టంలో ఆ లోటును 2020 నాటి స్మృతి పూడ్చింది. అమలుకు మరో ఐదేళ్ళు పట్టింది.

రెండోది అలాగే ఉంది. ట్రిబ్యునళ్ళు కొనసాగుతున్నాయి. నోటీసు అందాక రాజీ ప్రక్రియ మొదలవుతుంది, రాజీ సాగుతుండగా సమ్మె చెల్లదు. ఈ రెండూ కలిస్తే చట్టబద్ధమైన సమ్మె దాదాపు అసాధ్యమని సంఘాలు అంటున్నాయి. గుర్తింపు ఉన్న సంఘం ఉంటే సమ్మెల అవసరమే తగ్గుతుందని ప్రభుత్వ వాదన. ఆపగల శక్తి లేని చేతులతో ఎంత బేరమాడగలరన్నది గిరి 1952లోనే లేవనెత్తిన సందేహం.

రైల్వేలు ఈ విషయంలో చట్టం కన్నా ముందే ఒక అడుగు వేశాయి. ఏ సంఘాన్ని గుర్తించాలో తేల్చడానికి 2007లో, 2013లో ఉద్యోగుల రహస్య బ్యాలట్ జరిగింది. మూడోసారి 2024 డిసెంబరులో జరిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారసత్వంగా వచ్చిన ఆగ్నేయ రైల్వేలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఉద్యోగులు కూడా ఆ బ్యాలట్‌లో ఓటర్లే.